ఎమర్జెన్సీ ఎయిర్‌వే: పరికరం చెప్పకుండా చెయ్యిచ్చే చోట్లు

ఊపిరి అందని పేషెంట్‌కి మాస్క్ ద్వారా గాలి పంపే ఆంబు బ్యాగ్ పిండుతున్నాను. ఛాతీ చక్కగా లేస్తోంది. మాస్క్ పక్కల నుంచి గాలి పోవడం లేదు. రక్తంలో ఆక్సిజన్ శాతం చెప్పే శాచురేషన్ మాత్రం 84 దగ్గర ఆగి, కిందికి జారడమే తప్ప పైకి రానంటోంది. మందులు సిరంజిల్లోకి ఎక్కించి సిద్ధంగా ఉన్నాయి, నా దృష్టంతా పేషెంట్ గొంతు మీదే. అప్పుడు వెనక నిలబడ్డ నర్సింగ్ విద్యార్థిని మెల్లగా, "సార్, ఆక్సిజన్ గొట్టం పక్కదానికి పెట్టినట్టున్నారు" అంది. గోడ మీద రెండు ఫ్లోమీటర్లు (వాయువు ఎంత వస్తోందో చూపేవి) పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి ఆక్సిజన్‌ది, ఇంకోటి మెడికల్ ఎయిర్‌ది. ఐదు నిమిషాలుగా మేం నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఇస్తున్నది మామూలు గాలి.

బ్యాగ్ చిరిగిపోయి ఉంటే వెంటనే తెలిసేది. అది చిరగలేదు, చక్కగా పనిచేస్తూనే మమ్మల్ని మోసం చేసింది. ఎమర్జెన్సీ ఎయిర్‌వేలో, అంటే పేషెంట్ ఊపిరి దారిని అత్యవసరంగా కాపాడే పనిలో, నన్ను ఎక్కువ భయపెట్టేవి ఇలాంటివే. బల్బు వెలగకపోతే కంటికి కనబడుతుంది. ఆక్సిజన్ రాకపోయినా ఉబ్బే బ్యాగ్, శ్వాసనాళంలో కాక అన్నవాహికలో ఉన్నా ఆవిరి పట్టే ట్యూబ్, చేతికి మెత్తగా తగులుతూనే లోపల బిగుసుకుపోయిన కఫ్ (ట్యూబ్ చుట్టూ ఉండే గాలి సంచి) మాత్రం నోరు విప్పవు. వాటిని మనమే అడిగి చెప్పించాలి. ఈ వ్యాసమంతా ఆ అడగడం గురించే.

ఇది ఎయిర్‌వే పని చేసే డాక్టర్లకు, వాళ్ల పక్కన నిలబడే నర్సులకు, టెక్నీషియన్లకు, అంబులెన్స్ సిబ్బందికి రాసింది. బొమ్మ మీద, ఆ తర్వాత సీనియర్ పక్కన చేసి నేర్చుకోవాల్సిన పనిని చదివి నేర్చుకోలేం. ఇక్కడ ఉన్నది ఆ నేర్చుకున్నదాన్ని కాపాడుకునే పద్ధతి.

అడుగు 1: డ్యూటీ ఎక్కగానే చేసే చెక్

పేషెంట్ వచ్చాక చేసే చెక్ సగం చెక్కే. గంట కొట్టకముందే ముగించాలి. నేను పాటించే వరుస: ఆక్సిజన్, సక్షన్, బ్యాగ్, లారింగోస్కోప్ (గొంతులోకి చూసే, వెలుగున్న బ్లేడు), ట్యూబ్, కాప్నోగ్రాఫ్ (ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని అలగా చూపే మెషిన్), చివరికి మెడ కిట్ (దాని సంగతి అడుగు 8లో). ఏది లేకపోతే పేషెంట్ ముందుగా పోతాడో అది ముందు అన్న లెక్కలో పెట్టుకున్న వరుస ఇది.

ఆక్సిజన్: ఫ్లోమీటర్‌లో గుండు లేవడం చూసి ఊరుకోకండి. గొట్టం రెండో కొస దాకా చేత్తో తడుముతూ వెళ్లండి, అది దేనికి తగిలించి ఉందో కళ్లతో చూడండి. మెడికల్ ఎయిర్ ఫ్లోమీటర్‌ని అవసరం లేనప్పుడు గోడ నుంచి తీసేసి పెట్టడం అన్నిటికన్నా మంచి మందు. రంగు, లేబుల్ లాంటివి తెల్లవారుజామున మూడింటికి ఎవరి కంటికీ ఆనవు.

సిలిండర్ అయితే మీటర్ చూసి "ఉంది" అనుకుంటే చాలదు, ఎన్ని నిమిషాలు వస్తుందో లెక్క వెయ్యాలి. నిండుగా 137 బార్ చూపించే, 680 లీటర్లు పట్టే సిలిండర్ తీసుకుందాం. ముల్లు 50 దగ్గర ఉంటే మిగిలింది సుమారు 250 లీటర్లు. నిమిషానికి 15 చొప్పున అది పదహారు నిమిషాలు. లిఫ్టు రావడానికి, స్కానింగ్ గది తలుపు తీయడానికి పట్టే టైము ఇందులో లేదు. అందుకే ప్రయాణానికి పడుతుందనుకున్న టైముకి రెట్టింపు సరిపోయేలా ఉంటేనే కదలాలి. వాల్వ్ నెమ్మదిగా తిప్పండి. ఒక్కసారిగా తెరిస్తే లోపల ఒత్తిడి చటుక్కున పెరిగి వేడి పుడుతుంది, అక్కడ నూనె, గ్రీజు మరక ఉంటే అంటుకుంటుంది. శానిటైజర్ తడి ఆరని చేతులతో వాల్వ్ ముట్టుకోకూడదనేది కూడా అందుకే.

సక్షన్: ఆన్ చేసి శబ్దం వినడం చెక్ కాదు. గొట్టం మడిచి పట్టుకుంటే ముల్లు కొన్ని సెకన్లలోనే 300 మి.మీ. పాదరసం దాటాలి. కొసకి పెద్ద రంధ్రమున్న గట్టి సక్షన్ కడ్డీ తగిలించి, దాన్ని తలగడ కింద కుడిపక్క పెట్టండి. వాంతి వచ్చాక కవర్ చింపుకుంటూ కూర్చునే పరిస్థితి రాకూడదు. జార్ మూత సరిగ్గా బిగించకపోవడం, నిండిన జార్‌ని ఎవరూ మార్చకపోవడం, సక్షన్ పనిచెయ్యకపోవడానికి నేను ఎక్కువసార్లు చూసిన కారణాలు ఈ రెండే. గొంతులోకి వరదలా వస్తున్న చోట ఒక్క సక్షన్ చాలదు, రెండోది కూడా సిద్ధంగా ఉండాలి.

ఆంబు బ్యాగ్ మీద కాస్త ఎక్కువసేపు ఉందాం. తనంతట తాను ఉబ్బే బ్యాగ్‌లో ఉన్న గొప్ప గుణమే దాని లోపం కూడా. ఆక్సిజన్ ఆగిపోయినా అది గదిలో గాలి పీల్చుకుని ఉబ్బుతూనే ఉంటుంది, చేతికి తేడా తెలియదు. ఆక్సిజన్ ఉండి రిజర్వాయర్ సంచి లేకపోతే అందేది 40 నుంచి 60 శాతమే. సంచి ఉండి, ఫ్లో సరిపడా ఉంటేనే నూటికి దగ్గరగా వస్తుంది. కాబట్టి పిండుతున్నంతసేపూ ఒక కన్ను సంచి మీద ఉంచండి. అది ముడుచుకుపోయి ఉంటే, ఆక్సిజన్ రావడం లేదని బ్యాగ్ మనకు చెప్పే ఒకే ఒక్క సంకేతం అదే.

పరీక్ష ఇలా చెయ్యండి. పేషెంట్ వైపు రంధ్రాన్ని అరచేత్తో గట్టిగా మూసి బ్యాగ్ పిండండి, బిగుతుగా ఎదురు తిరగాలి. తిరగలేదంటే వాల్వ్ లీకవుతోంది. కడిగి మళ్లీ బిగించేటప్పుడు లోపలి బాతు ముక్కు లాంటి వాల్వ్‌ని తల్లకిందులుగా పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. చెయ్యి తీసి మళ్లీ పిండి ఆ ముక్కు తెరుచుకోవడం కంటితో చూడండి. పిల్లల బ్యాగ్‌లో సుమారు 40 సెం.మీ. నీటి ఒత్తిడి దగ్గర తెరుచుకునే వాల్వ్ ఉంటుంది, ఊపిరితిత్తులు పగలకుండా అది కాపలా. మూసి పిండితే అది బుస్సుమనాలి. దానికో మూత ఉంటుందని, ఊపిరితిత్తులు బిగుసుకుపోయిన బిడ్డకి అవసరమైతే దాన్ని వెయ్యొచ్చని తెలిసి ఉండాలి. ఎవరో వేసి మర్చిపోయి వెళ్లి ఉండొచ్చనీ తెలిసి ఉండాలి.

లారింగోస్కోప్: బ్లేడు తగిలించి వెలుగు చూడటమే కాదు, పాతరకం అయితే బల్బు మర బిగుతుగా ఉందో లేదో తిప్పి చూడండి. వదులుగా ఉన్న బల్బు ఊడి గొంతులో పడితే, మనం పెట్టిన పరికరమే అడ్డంకి అవుతుంది. వీడియో లారింగోస్కోప్‌కి చార్జింగ్ ఎంత ఉందో, ఆ బ్లేడు సైజు స్టాకులో ఉందో చూడండి. అది ఉన్నా సరే, మామూలు లారింగోస్కోప్ రెండో హ్యాండిల్‌తో పక్కన ఉండాల్సిందే. లెన్స్ మీద రక్తం పడ్డాక తెర అంతా ఎర్రటి పొగమంచే.

ట్యూబ్: ఆడవాళ్లకు 7 లేదా 7.5, మగవాళ్లకు 7.5 లేదా 8, దానికన్నా అర సైజు చిన్నది ఒకటి పక్కన. కఫ్ ఉబ్బించి, నొక్కి, పూర్తిగా దింపండి. పిల్లలకు కఫ్ ఉన్న ట్యూబ్ అయితే వయసుని 4తో భాగించి 3.5 కలపండి, కఫ్ లేనిదైతే 4 కలపండి. తల వేడెక్కి ఉన్నప్పుడు లెక్కలు చెయ్యకుండా ఈ పట్టిక ట్రాలీ మీద అంటించి పెట్టుకోవాలి.

కాప్నోగ్రాఫ్: మీ ఊపిరినే అందులోకి వదలండి. అల వచ్చిందా? బాగుంది. ఇది పది సెకన్ల పని. ట్యూబ్ వేశాక అల రానప్పుడు "మెషిన్ పాడైందేమో" అన్న మాటకు తావు లేకుండా చేసేది ఈ పది సెకన్లే.

అడుగు 2: ట్యూబ్ వెయ్యకముందు ఒక నిమిషం మాటలు

29 దేశాల్లో 2,964 మంది తీవ్ర అస్వస్థుల మీద జరిగిన పరిశీలన ఒకటి 2021లో వెలువడింది. ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలోకి ట్యూబ్ వెయ్యడం) సమయంలో వాళ్లలో 45.2 శాతం మందికి కనీసం ఒక పెద్ద ప్రమాదం ఎదురైంది. ఎక్కువగా కనబడింది బీపీ పడిపోవడం లాంటి రక్తప్రసరణ దెబ్బ, 42.6 శాతం. ఆక్సిజన్ బాగా పడిపోవడం 9.3 శాతం, గుండె ఆగిపోవడం 3.1 శాతం. అంటే మనం గొంతు గురించి టెన్షన్ పడుతుంటే గుండె పక్కనుంచి దెబ్బ కొడుతోంది. కాబట్టి మందు ఎక్కించకముందే బీపీ కఫ్‌ని ఒక నిమిషానికోసారి కొలిచేలా పెట్టండి, పనిచేసే సూదిదారి రెండు ఉంచండి, బీపీ పెంచే మందు సిరంజిలో పేరు రాసి చేతికందేలా పెట్టండి.

పేర్లు రాయడం గురించి ఒక్క మాట. కండరాలను స్తంభింపజేసే మందు, మత్తు మందు ఒకే సైజు సిరంజిల్లో పేరు లేకుండా పక్కపక్కన ఉండటం కన్నా భయంకరమైన దృశ్యం నాకింకోటి తెలియదు. మొదటిది ఒక్కటే వెళ్తే మనిషి కదలలేడు, అన్నీ తెలుస్తుంటాయి.

ఇక పైకి చెప్పాల్సిన మాటలు. "మొదట వీడియో బ్లేడుతో నేను. శాచురేషన్ 92కి వస్తే సిస్టర్ గట్టిగా చెప్పాలి, నేను ఆపి బ్యాగ్ పడతాను. రెండోసారి కూడా కుదరకపోతే స్వరపేటిక పైన కూర్చునే మాస్క్ రకం ట్యూబ్. అదీ కుదరక శాచురేషన్ పడిపోతుంటే మెడ దగ్గర కోత, కిట్ ఇదిగో ఇక్కడుంది." ఇంతే, అర నిమిషం. అందరికీ వినబడేలా చెప్పాలి. శాచురేషన్ అంకెను చదివే మనిషిని పేరు పెట్టి పిలిచి అప్పగించాలి. "ఎవరైనా చూడండి" అంటే ఎవరూ చూడరు.

అడుగు 3: ఊపిరి నిల్వ చేసుకోవడం

చెవి రంధ్రం, రొమ్ము ఎముక పైఅంచు ఒకే అడ్డగీతలో వచ్చేలా తల లేపండి. లావుగా ఉన్నవాళ్లకు తలగడ ఒక్కటి చాలదు, భుజాల కింద నుంచీ దుప్పట్లు ఏటవాలుగా పేర్చాలి. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం లేకపోతే మంచాన్ని తల వైపు 20, 30 డిగ్రీలు లేపి ఉంచండి. గట్టిగా అమరిన మాస్క్‌తో పూర్తి ఆక్సిజన్ కనీసం మూడు నిమిషాలు. ముక్కు గొట్టం కూడా పెట్టి, ట్యూబ్ వేసేటప్పుడు దాన్ని 15 లీటర్లతో అలాగే ఉంచండి.

ఊపిరితిత్తులే దెబ్బతిన్న పేషెంట్‌కి మామూలు మాస్క్ చాలదు. 2024లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో, బిగుతు మాస్క్ ద్వారా మెషిన్ ఒత్తిడితో ఊపిరి పంపే మాస్క్ వెంటిలేషన్‌తో ముందుగా ఆక్సిజన్ ఇచ్చినవాళ్లలో 9.1 శాతం మందికి, మామూలు ఆక్సిజన్ మాస్క్ పెట్టినవాళ్లలో 18.5 శాతం మందికి ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయింది. తేడా సగానికి సగం. వాంతులవుతున్నవాళ్లకు మాత్రం ఇది సరిపడదు.

బ్యాగ్ పిండేటప్పుడు చేతి బలం చూపించకండి. ఛాతీ కాస్త లేవగానే ఆపండి, నిమిషానికి పది సార్లు. గట్టిగా, వేగంగా పిండితే గాలి కడుపులోకి పోతుంది, కడుపులో ఉన్నది గొంతులోకి వస్తుంది.

అడుగు 4: బ్లేడు లోపల ఉన్నప్పుడు

దెబ్బలు తగిలేది ఇక్కడే. పై పళ్లను ఆసరాగా చేసుకుని బ్లేడును వెనక్కి వంచొద్దు, హ్యాండిల్ చూపే వైపే ముందుకు, పైకి ఎత్తాలి. పై పెదవి బ్లేడుకీ పళ్లకీ మధ్య నలగకుండా చూసుకోవాలి. కదులుతున్న పళ్లు ముందే లెక్కపెట్టి పెట్టుకోండి. తర్వాత ఒకటి తక్కువైతే అది ఎక్కడుందో ఎక్స్‌రేలో వెతకాలి.

స్టైలెట్ (ట్యూబ్‌కి ఆకారమిచ్చే లోపలి కడ్డీ) కొస ట్యూబ్ కొస దాటి బయటికి రాకూడదు, ఒక సెంటీమీటరు లోపలే ఉండాలి. ట్యూబ్ స్వరతంత్రులు దాటగానే స్టైలెట్‌ని పక్కనున్నవాళ్లు లాగెయ్యాలి. గట్టి కొసతో ఇంకా లోపలికి నెడితే శ్వాసనాళం ముందు గోడ చిరుగుతుంది.

వీడియో లారింగోస్కోప్‌తో కొత్త రకం గాయం ఒకటి వచ్చింది. బ్లేడు పెట్టగానే అందరి కళ్లూ తెర మీదికి పోతాయి. ట్యూబ్ కొస ఇంకా తెరలో కనబడే చోటికి చేరి ఉండదు, గుడ్డిగా నెడుతుంటే అంగిట్లోనో టాన్సిల్ పక్కనో గుచ్చుకుంటుంది. అందుకే చూపు వరుస ఇలా: బ్లేడు పెట్టేటప్పుడు నోరు, తర్వాత తెర, ట్యూబ్ పెట్టేటప్పుడు మళ్లీ నోరు, కొస తెరలోకి వచ్చాకే మళ్లీ తెర. బాగా వంపు ఉన్న బ్లేడుతో "కనబడుతోంది కానీ వెళ్లడం లేదు" అనే విచిత్రం కూడా ఉంటుంది. అప్పుడు బ్లేడును ఇంకా లోపలికి తోయకండి, కాస్త వెనక్కి లాగండి. దృశ్యం కొంచెం చెడుతుంది, దారి బాగవుతుంది.

బూజీ (ట్యూబ్‌కి దారి చూపడానికి ముందు పంపే సన్నని పొడవాటి కడ్డీ) అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. కొస వంపు ముందుకు ఉండేలా పట్టుకుని పంపితే, శ్వాసనాళం ఉంగరాల మీద టకటకమని తగులుతూ వెళ్తుంది. ఆ టకటక ఒక ఊరట. అయితే అది తగల్లేదు కదా అని ఎక్కడో ఆగేదాకా నెట్టడం పాత అలవాటు, మానుకోండి. ఊపిరితిత్తుల సన్నని గొట్టాలు చిరిగి గాలి బయటికి పొక్కుతుంది. పెద్దవాళ్లలో పెదవి దగ్గర సుమారు 25 సెం.మీ. గుర్తు దాటనివ్వొద్దు. దాని మీదుగా ట్యూబ్ దింపేటప్పుడు బ్లేడు తీసెయ్యకుండా అలాగే ఉంచండి. ట్యూబ్ ఎక్కడో పట్టుకుంటే కొంచెం వెనక్కి లాగి, గడియారం ముల్లుకి వ్యతిరేకంగా పావు చుట్టు తిప్పి పంపండి. బలం పనికిరాదు.

వాంతి నిండిన గొంతులో గట్టి సక్షన్ కడ్డీ ముందు వెళ్లాలి, దాని వెనక బ్లేడు. తర్వాత కడ్డీని నోటి ఎడమ మూలకి జరిపి, కొసని అన్నవాహిక పైభాగంలో అలాగే వదిలేసి, దాని పక్కనుంచి ట్యూబ్ వెయ్యొచ్చు.

ఎన్నిసార్లు ప్రయత్నించాలి? ఆపరేషన్ థియేటర్ బయట జరిగిన ఇంట్యుబేషన్ల మీద 2004లో వచ్చిన లెక్కలు చూస్తే, రెండు ప్రయత్నాల్లోపు అయినవాళ్లలో 11.8 శాతం మందికి ఆక్సిజన్ పడిపోయింది, రెండు దాటినవాళ్లలో 70 శాతం మందికి. గుండె ఆగడం 0.7 నుంచి 11 శాతానికి ఎగబాకింది. ప్రతి ప్రయత్నంతో గొంతు వాస్తుంది, రక్తం కారుతుంది, తర్వాతి ప్రయత్నం మరింత కష్టమవుతుంది. బ్రిటన్‌లోని డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు మూడు ప్రయత్నాలు, పైన అనుభవజ్ఞుడికి ఒకటి అన్నాయి. ఎమర్జెన్సీలో నేను రెండు దాటను. రెండోసారి ఏదో ఒకటి మారాలి: బ్లేడో, తల భంగిమో, బూజీయో, చెయ్యో. ఏమీ మార్చకుండా చేసేది రెండో ప్రయత్నం కాదు, మొదటి తప్పే ఇంకోసారి.

అడుగు 5: ట్యూబ్ ఎక్కడుంది?

ఈ వ్యాసంలో ఒక్క అడుగే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

స్వరతంత్రుల మధ్య నుంచి వెళ్లడం కళ్లారా చూశాను అంటారు. కళ్లు కూడా మోసపోతాయి, చూసిన తర్వాత ట్యూబ్ జారిపోవచ్చు కూడా. ట్యూబ్‌లో ఆవిరి కనబడింది అంటారు. అన్నవాహికలో ఉన్న ట్యూబ్‌లోనూ కనబడుతుంది. స్టెతస్కోప్‌తో శబ్దం విన్నాను అంటారు. కడుపులోకి పోతున్న గాలి శబ్దం ఛాతీ మీద కూడా వినబడుతుంది. శాచురేషన్ 98 ఉంది అంటారు. ముందుగా ఆక్సిజన్ బాగా నిల్వ చేసి ఉంటే, ట్యూబ్ తప్పుచోట ఉన్నా నిమిషాల తరబడి ఆ అంకె అలాగే నిలుస్తుంది. మనం ఎంత బాగా సిద్ధమైతే ఆ అంకె అంత ఆలస్యంగా నిజం చెబుతుంది.

నమ్మాల్సింది ఊపిరిలో బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ అలని. ఒకట్రెండు అలలు చాలవు. మాస్క్‌తో పిండినప్పుడు కడుపులో చేరిన వాయువు, ముందు తాగిన సోడా కూడా కొన్ని ఊపిరుల పాటు అలలు చూపించి మెల్లగా మాయమవుతాయి. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకం స్పష్టమైన కొలత పెట్టింది: కనీసం ఏడు ఊపిరుల పాటు, ఊపిరి వదిలినప్పుడు లేచి తీసుకున్నప్పుడు పడుతూ, శిఖరం కింది గీత కన్నా కనీసం 7.5 మి.మీ. పాదరసం ఎత్తులో అల రావాలి. ఏడు పూర్తయ్యేదాకా పక్కనున్నవాళ్లు పైకి లెక్కపెట్టాలి.

గుండె ఆగిన పేషెంట్‌లో అల రాదు అనే అపోహ ప్రాణాలు తీసింది. ఛాతీ మీద సరిగ్గా నొక్కుతుంటే అల చిన్నదే అయినా వస్తుంది. గీత బల్లపరుపుగా ఉంటే ముందు అనుమానించాల్సింది ట్యూబ్‌ని. బ్రిటన్‌లో 2011లో వెలువడిన జాతీయ ఎయిర్‌వే పరిశీలన నివేదిక, ఐసీయూ మరణాల్లో చాలావాటి వెనక కాప్నోగ్రాఫ్ వాడకపోవడమో, అది చెప్పింది అర్థం చేసుకోకపోవడమో ఉందని తేల్చింది.

అల రాలేదు. ఏం చెయ్యాలి? అనుమానంగా ఉందంటే ట్యూబ్ తీసెయ్యడమే మొదటి ఆలోచన. తీసి, మాస్క్‌తో ఆక్సిజన్ ఇవ్వండి. ఏదైనా కారణంతో వెంటనే తియ్యడం ప్రమాదమనిపిస్తే, తీయకుండా ఉండటానికి గట్టి రుజువు కావాలి: వీడియోలో ఇంకొకరు చూసి చెప్పడం, సన్నని కెమెరాతో శ్వాసనాళం ఉంగరాలు కనబడటం, అల్ట్రాసౌండ్ లాంటివి. అదీ సెకన్ల మీద జరగాలి.

కార్బన్ డయాక్సైడ్ తగిలితే రంగు మారే చిన్న డబ్బీ వాడే చోట, ఊదా నుంచి పసుపుకి మారి, మళ్లీ ఊదాకి, ఊపిరి ఊపిరికీ అటూ ఇటూ మారుతుండాలి. పసుపు మీదే ఆగిపోతే సంతోషించకండి, కడుపులోని ఆమ్లం తగిలి ఉండొచ్చు. గడువు తేదీ దాటిన డబ్బీ మీద ఆధారపడకండి.

అడుగు 6: కట్టడం, కఫ్ ఉబ్బించడం

పళ్ల దగ్గర ఆడవాళ్లకు 21, మగవాళ్లకు 23 సెం.మీ. అన్నది మొదటి అంచనా మాత్రమే. ట్యూబ్ ఇంకా లోపలికి పోతే కుడి ఊపిరితిత్తిలోకి దిగుతుంది. అప్పుడు కూడా అల బ్రహ్మాండంగా వస్తుంది, కాబట్టి రెండు పక్కలా వినడం, ఎక్స్‌రే తీయడం ఇక్కడ పనికొస్తాయి. గడ్డం ఎటు వెళ్తే ట్యూబ్ కొస అటు వెళ్తుంది. మెడ ముందుకు వంగితే లోపలికి, వెనక్కి వాలితే బయటికి, ఒక్కోవైపు రెండు సెంటీమీటర్ల దాకా. స్ట్రెచర్ మార్చేటప్పుడు ట్యూబ్‌ని ఒకరు చేత్తో పట్టుకోవాలి, ఎత్తమని లెక్క చెప్పేది కూడా వాళ్లే.

కఫ్‌లో ఒత్తిడి 20 నుంచి 30 సెం.మీ. నీరు ఉండాలి. 30 దాటితే శ్వాసనాళం లోపలి పొరకు రక్తం అందడం తగ్గుతుంది, తర్వాత పుండు, మచ్చ, ఇరుకు. కఫ్‌కి కలిసి బయట వేలాడే పైలట్ బెలూన్‌ని వేళ్లతో నొక్కి "సరిపోయింది" అనే మన నైపుణ్యం ఎంత తప్పో కొలిచే మీటర్ తగిలించి ఒక్కసారి చూసుకోండి. సిగ్గేస్తుంది. నాకూ వేసింది.

అడుగు 7: అన్నీ బాగున్నాయనుకున్నాక శాచురేషన్ పడితే

ముందు వెంటిలేటర్ నుంచి విడదీసి ఆక్సిజన్‌తో బ్యాగ్ పట్టండి. ఆ ఒక్క పనితోనే తప్పు మెషిన్‌దా, మనిషిదా అన్నది సగం తేలుతుంది. బ్యాగ్‌తో సులువుగా వెళ్తే మెషిన్, సర్క్యూట్ (దాని గొట్టాలు) చూడండి. బిగుతుగా ఉంటే సక్షన్ గొట్టం దింపండి. అది దిగకపోతే ట్యూబ్ మూసుకుపోయి ఉండొచ్చు, మడత పడి ఉండొచ్చు, లేదా పేషెంట్ కొరుకుతుండొచ్చు. సులువుగా దిగితే ఛాతీ చూడండి: ఒకవైపు లేవడం లేదా, బీపీ పడిందా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా. ఆస్తమా పేషెంట్ అయితే లోపల గాలి పేరుకుపోయి ఉండొచ్చు. కొన్ని సెకన్లు విడదీసి వదిలితే బుస్సుమని బయటికొస్తుంది, బీపీ లేస్తుంది.

ఫిల్టర్‌ని మర్చిపోకండి. తేమ కోసం, క్రిముల కోసం ట్యూబ్ దగ్గర పెట్టే ఆ చిన్న డబ్బీ కఫంతోనో, నెబ్యులైజర్ మందుతోనో, నీటితోనో నిండి గాలిని ఆపేస్తుంది. బ్యాగ్ పట్టేటప్పుడు దాన్ని కూడా తీసి పక్కన పెట్టాలి. లేకపోతే తప్పంతా ఊపిరితిత్తుల మీదికి నెట్టేస్తాం.

అడుగు 8: ట్యూబ్ పోదు, మాస్క్‌తోనూ ఆక్సిజన్ అందదు

2005లో ఇంగ్లండ్‌లో ఎలేన్ బ్రోమిలీ అనే ఆవిడకు సైనస్ ఆపరేషన్ కోసం మత్తిచ్చాక ఇదే జరిగింది. అనుభవజ్ఞులైన డాక్టర్లు ట్యూబ్ కోసం ప్రయత్నిస్తూనే ఉండిపోయారు. మెడ ద్వారా దారి చేసే కిట్‌ని ఒక నర్స్ తెచ్చి ఇదిగో అని చెప్పింది, ఎవరూ అందుకోలేదు. ఆవిడ కొన్ని రోజుల తర్వాత చనిపోయింది. కిట్ అక్కడే ఉంది. లేనిది "ఇక పైనుంచి ప్రయత్నం ఆపేస్తున్నాం" అన్న ఒక్క మాట. ఆ మాట అనే హక్కు గదిలో అందరికీ ఉండాలి.

పెద్దవాళ్లలో కిట్ అంటే మూడే వస్తువులు: 10 నంబరు బ్లేడు ఉన్న స్కాల్పెల్, బూజీ, కఫ్ ఉన్న 6 సైజు ట్యూబ్. మూడూ ఒకే కవర్‌లో, పారదర్శకంగా. ఎడమ చేత్తో స్వరపేటికను రెండు పక్కలా పట్టుకుని కదలకుండా నిలపండి, చూపుడు వేలితో స్వరపేటిక ముందువైపు కిందుగా ఉండే క్రైకోథైరాయిడ్ పొరను గుర్తించండి. అడ్డంగా ఒక్క పోటు. బ్లేడు తీసెయ్యకుండా, పదును కాళ్లవైపు ఉండేలా 90 డిగ్రీలు తిప్పండి. బ్లేడు ఆసరాగా బూజీ వంపు కొస లోపలికి, 10 నుంచి 15 సెం.మీ. వరకు. దాని మీదుగా జారుడు పూసిన ట్యూబ్. కఫ్ ఉబ్బించాక మళ్లీ అదే ప్రశ్న, అల వచ్చిందా?

మెడ లావుగా ఉండి ఏదీ చేతికి తగలకపోతే, నడిమధ్యన నిలువుగా 8 నుంచి 10 సెం.మీ. కోసి, వేళ్లతో కండను పక్కకి తప్పించి స్వరపేటికను పట్టుకోవాలి. రక్తం వస్తుంది. కంటికన్నా వేలిని నమ్మే పని ఇది. ట్యూబ్ లోపల కూర్చున్నాక రక్తస్రావం చాలావరకు అదుపులోకి వస్తుంది. ఇక్కడ రక్తం ఆపడానికి కాల్చే ఎలక్ట్రిక్ కాటరీ వాడొద్దు. శ్వాసనాళంలో పూర్తి ఆక్సిజన్ ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు.

సన్నని సూదితో చేసే పద్ధతి సులువుగా కనిపిస్తుంది, కానీ ఆ 2011 నివేదికలో సుమారు 60 శాతం సార్లు విఫలమైంది. సూది మడత పడుతుంది, జారిపోతుంది. ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ పంపినప్పుడు పైనుంచి బయటికి దారి లేకపోతే ఊపిరితిత్తులు పగులుతాయి. ఎనిమిదేళ్లలోపు పిల్లల్లో మాత్రం ఆ పొర మరీ చిన్నది, వాళ్ల సంగతి వేరు. పిల్లల ఎయిర్‌వేలో అనుభవం ఉన్నవాళ్లను ముందే పిలవాలి.

మెడలో ఇప్పటికే ట్రాకియాస్టమీ ట్యూబ్ ఉన్న పేషెంట్‌కి ఆయాసం వస్తే దారి వేరు. ముఖానికి, మెడ రంధ్రానికి రెండింటికీ ఆక్సిజన్ పెట్టండి. లోపలి గొట్టం తీయండి, చాలాసార్లు అడ్డు అక్కడే ఉంటుంది. సక్షన్ గొట్టం దిగుతుందో లేదో చూడండి. దిగకపోతే కఫ్ దింపండి, అయినా బాగుపడకపోతే ట్యూబ్ తీసెయ్యండి. కొత్తగా వేసిన, వారం నిండని రంధ్రంలోకి బలవంతంగా మళ్లీ ట్యూబ్ తొయ్యొద్దు, కండలోకి పక్కదారి పడుతుంది. నోటి ద్వారా వెయ్యడం మంచిది. స్వరపేటిక మొత్తం తీసేసినవాళ్లకు నోటికీ ఊపిరితిత్తులకీ సంబంధమే ఉండదు, వాళ్లకు మెడ రంధ్రం ఒక్కటే దారి. ఆ సంగతి మంచం తల దగ్గర పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

అడుగు 9: మంట

గుండెకి షాక్ ఇచ్చేముందు ఆక్సిజన్ మాస్క్‌ని, ముక్కు గొట్టాన్ని ఛాతీ నుంచి కనీసం మీటరు దూరం పెట్టండి. తీసి దిండు మీద, ఛాతీ పక్కనే వదిలేస్తే దుప్పటి కింద ఆక్సిజన్ పోగవుతుంది. ట్యూబ్ వేసి సర్క్యూట్ బిగించి ఉంటే అలాగే ఉంచొచ్చు, బ్యాగ్ విడదీస్తే మాత్రం దూరంగా పెట్టాలి. శ్వాసనాళంలో నిప్పు అంటుకుంటే ట్యూబ్ లాగెయ్యడం, అన్ని వాయువులూ ఆపెయ్యడం, సెలైన్ పొయ్యడం, ఈ మూడూ ఒకేసారి జరగాలి.

అడుగు 10: అంతా అయ్యాక

ఒక్కసారి వాడి పారెయ్యాల్సిన స్టైలెట్‌ని, బూజీని కడిగి ట్రాలీలో పెట్టకండి. పై పూత పెచ్చులూడి లోపల రాలిపోతుంది. మళ్లీ వాడే బ్లేడును నీళ్లతో కడిగితే చాలదు, రక్తం తగిలిన వస్తువుకి చేసే పూర్తి క్రిమిసంహారం కావాలి. కడిగిన ఆంబు బ్యాగ్‌ని బిగించిన మనిషే అరచేతి పరీక్ష చేసి సంతకం పెట్టాలి.

కేస్ షీట్‌లో ఎన్ని ప్రయత్నాలు, ఏ బ్లేడు, ఏం కనిపించింది, మాస్క్ వెంటిలేషన్ సులువా కష్టమా, ట్యూబ్ ఎంత లోతు, అల ఎంత, ఇవన్నీ రాయండి. కష్టమైన గొంతు అయితే పేషెంట్‌కి కాగితం మీద రాసి ఇవ్వండి. వచ్చేసారి ఇంకెక్కడో ఇంకెవరో ట్యూబ్ వేస్తారు.

చెయ్యిచ్చిన పరికరాన్ని "తర్వాత చూద్దాం" అని మళ్లీ అదే డ్రాయర్‌లో పెట్టడం మన జాతీయ అలవాటు. ఎర్ర టేపు చుట్టి, మీద తేదీ, ఏమైందో రెండు ముక్కల్లో రాసి, ట్రాలీ నుంచి వేరే గదికి పంపండి. దాని స్థానంలో వేరేది వచ్చేదాకా ఆ ఖాళీ కనబడనివ్వండి. ఆ రాత్రి తర్వాత మేం గోడ మీది మెడికల్ ఎయిర్ ఫ్లోమీటర్ తీసేసి, నెబ్యులైజేషన్ అవసరమైనప్పుడే అడిగి తీసుకునేలా సిస్టర్ల గదిలో తాళం వేసిన డ్రాయర్‌లో పెట్టాం. మొదటి వారం అందరూ విసుక్కున్నారు.